ఎత్తిన చెయ్యి

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, జర్మను దేశంలో, ఇన్ నది ఒడ్డున ఉన్న ఆ చిన్న బవేరియా ఊళ్ళో నాలుగో తరగతి పిల్లల తల్లులకు కంటిమీద కునుకుండదు. రొట్టెల కొట్లో, పోస్టాఫీసు వరసలో, ఆఖరికి చర్చి మెట్ల మీద కూడా ఒకటే గోల. మే మొదట్లో బడి నుంచి ఒక కాగితం వస్తుంది. జర్మను, లెక్కలు, ఊరిపాఠం, ఈ మూడింటి మార్కులూ కలిపి తీసిన సగటు దానిమీద ఉంటుంది. ఊరిపాఠం అంటే మన ఊళ్ళో నీళ్ళెక్కణ్ణుంచి వస్తాయి, అడవిలో ఏ చెట్లుంటాయి లాంటివన్నమాట. ఆ సగటును బట్టి పదేళ్ళ పిల్ల పెద్ద బడికి వెళ్తుందో, నడిమి బడికి వెళ్తుందో, కింది బడికి వెళ్తుందో తేలిపోతుంది. పెద్ద బడికి వెళ్తే యూనివర్సిటీ దాకా తిన్నని దారి. మిగతా రెండింటి నుంచీ దారి లేకపోలేదు గానీ ఊరంతా చుట్టి రావాలి. పదేళ్ళకు! పాలపళ్ళు ఇంకా పూర్తిగా ఊడని వయసులో! ఈ పద్ధతి కనిపెట్టినవాళ్ళెవరో గానీ వాళ్ళకు పిల్లలు లేరని కాత్రి గట్టి నమ్మకం.

కాత్రి పశువుల డాక్టరు. పుట్టిందీ పెరిగిందీ ఫిన్లాండ్‌లో, రష్యా సరిహద్దుకు దగ్గర్లో ఒక అడవి పల్లె. ఈ ఊరివాణ్ణి పెళ్ళి చేసుకుని ఇక్కడికొచ్చి చాలాకాలమైంది. మొగుడు కోర్బినియాన్ ఇళ్ళను వెచ్చగా ఉంచే పెంకుపలకల పొయ్యిలు కట్టే మేస్త్రి. ఇద్దరికీ ఒక్కతే కూతురు సిల్యా, ఇప్పుడు నాలుగో తరగతి. కింద వాటాలో అత్తగారు వాల్బుర్గా ఉంటుంది. ఒకప్పుడు ఆ వాటాలోనే వాళ్ళ మాంసం కొట్టు ఉండేది. మామగారు పోయాక కొట్టు మూసేశారు గానీ వాల్బుర్గా గొంతు మాత్రం ఇప్పటికీ బేరమాడేవాళ్ళ మధ్య వినపడేంత గట్టిగానే ఉంది.

ఆ ఏప్రిల్లో కాత్రి ఏ పనీ కుదురుగా చెయ్యలేకపోయింది. ఆవు పక్కటెముకల మీద స్టెతస్కోపు ఆనించి గుండె చప్పుడు వినడం మానేసి సగటు లెక్కేసుకునేది. "ఏంటి డాక్టరమ్మా, అంత సేపు వింటున్నారు, పోతుందా ఏంటి?" అని రైతు కంగారుపడితే ఉలిక్కిపడి, "లేదు లేదు, బంగారంలా ఉంది" అనేది. కారులో కూర్చుంటే కూర్చోలేదు, ఇంటికొస్తే నిలబడలేదు. అలమరలో కప్పులన్నీ దించి మళ్ళీ అదే వరసలో సర్దేది.

ఇంతకీ ఆమెను తినేస్తున్నది అక్టోబర్లో తను అన్న ఒకే ఒక్క మాట.

అక్టోబర్లో తల్లిదండ్రులను పిలిచి మాట్లాడే రోజున క్రాట్సర్ టీచర్ ఎదురుగా కూర్చుంది కాత్రి. క్రాట్సర్ టీచర్ చెడ్డమనిషి కాదు. రిటైరవడానికి దగ్గరపడిన, అలసిపోయిన, నిక్కచ్చి మనిషి.

"సిల్యా బాగా నెమ్మదస్థురాలండీ. క్లాసులో నోరు విప్పదు" అంది టీచర్.

కాత్రి మొహం విప్పారిపోయింది. "థాంక్సండీ" అంది.

టీచర్ చూపు కాగితం మీంచి కాత్రి మొహం మీదకు వచ్చింది. "చెయ్యి ఎత్తదు. నేనై నేను అడిగితే తప్ప చెప్పదు."

"అవునండీ, ఇంట్లోనూ అంతే" అంది కాత్రి గర్వంగా. "మేమే అలా పెంచాం."

టీచర్ కనుబొమలు పైకి లేచి కిందికి దిగాయి. ఆవిడ ఏదో రాసుకుంది. కాత్రి ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చింది.

ఆమెను తప్పు పట్టలేం. ఆమె పుట్టిన ఊళ్ళో నెమ్మదస్థురాలు అంటే పిల్లదానికి బంగారు పతకం వేసినట్టే. కాత్రి నాన్న పక్కింటికి వెళ్ళి, బల్ల దగ్గర కూర్చుని, కాఫీ తాగి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా లేచి వచ్చి, "మంచి కాలక్షేపమైంది" అని సంతోషపడేవాడు. ఎదుటివాడు చెప్పిన మాటనే మళ్ళీ చెప్పేవాణ్ణి అక్కడ వాగుడుకాయ అంటారు. బడిలోనూ అంతే. తెలిస్తే తెలుసు, పరీక్షలో రాస్తే చాలు. పిల్ల నెమ్మది అని టీచర్ చెప్పిందంటే ఇంక మాట్లాడుకోవాల్సిందేమీ లేదనే అర్థం.

మార్కుల సంగతిలోనూ కాత్రి మొదట్లో ఇలాగే బోర్లా పడింది. ఫిన్లాండ్‌లో పది వస్తే గొప్ప. ఇక్కడ ఒకటి వస్తే గొప్ప, ఆరు వస్తే అథమం. సిల్యా మొట్టమొదటిసారి ఒకటి తెచ్చుకున్నప్పుడు కాత్రి గుండె జారిపోయి, పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఐస్‌క్రీమ్ కొనిపెట్టి మరీ ఓదార్చింది. ఆ కథ ఊళ్ళో అందరికీ తెలుసు, వాల్బుర్గా పుణ్యమా అని. కానీ అది నవ్వుకుని వదిలేసే సంగతి.

జనవరి చివర్లో సగం ఏడాది మార్కులొచ్చాయి. రాతపరీక్షలన్నింట్లో బాగా రాసిన పిల్లకు జర్మన్లో మూడు, ఊరిపాఠంలో మూడు. కాత్రి ఆ మధ్యాహ్నం బడి గేటు దగ్గర సొలెన్‌ను పట్టుకుంది. సొలెన్ ఫ్రాన్స్ మనిషి, పక్క వీధిలో ఉంటుంది, ఊళ్ళో సంగీతం నేర్పుతుంది. ఆమె కొడుకు గస్పార్ సిల్యా తరగతే.

"నోటి మార్కులుంటాయని నీకు నిజంగా తెలీదా?" అంది సొలెన్.

"నోటికి మార్కులేంటి?"

"నోటికే తల్లీ! చెయ్యెత్తాలి, మాట్లాడాలి. మా గస్పార్‌ను చూడు, ప్రశ్న పూర్తవకముందే ఎత్తేస్తాడు. ఏం చెప్పాలో లేచి నిలబడ్డాక ఆలోచించుకుంటాడు. వాడి నోటికి ఒకటి వచ్చింది."

"సొలెన్, ఆవిడ మా పిల్ల నెమ్మది అంటే నేను థాంక్స్ చెప్పాను."

సొలెన్ పడీ పడీ నవ్వింది. గేటు పట్టుకుని మరీ నవ్వింది. తర్వాత కాత్రి మొహం చూసి ఆపేసింది. "అయ్యో. అంటే ఆవిడ... పిల్లని పట్టించుకోని తల్లి అనుకుని ఉంటుంది."

"మీ దగ్గరా ఇలాగేనా?"

"మా దగ్గర పదిహేనేళ్ళ దాకా అందరూ ఒకే బడిలే. వినడానికి బాగుంటుంది. కానీ మార్కులు ఇరవైకి. ఇరవైకి ఇరవై వచ్చినవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు. మా టీచరు పేపర్లు తక్కువ మార్కుల దగ్గర మొదలుపెట్టి, పేర్లు గట్టిగా చదువుతూ పంచేది. నా పేరు ఎప్పుడూ మొదట్లోనే వచ్చేది. ఇప్పటికీ ఎవరైనా నన్ను పూర్తి పేరుతో పిలిస్తే లేచి నిలబడిపోతాను, తెలుసా."

కాత్రికి అది వినపడలేదు. ఆమెకు వినపడుతున్నది తన చిన్నప్పటి గొంతు. పదేళ్ళ వయసులో ఆమె చూపుడువేలు అక్షరాల కింద పెట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివేది. వాళ్ళ బడిలో ఒక టీచరమ్మ ఆమెను రోజూ ఒక చిన్న గదిలోకి తీసుకెళ్ళి, సోఫాలో పక్కన కూర్చోబెట్టుకుని, తొందరేం లేదమ్మా అంటూ చదివించేది. నువ్వు ఈ బడికి పనికిరావని ఎవరూ అనలేదు. పదహారేళ్ళొచ్చాక గానీ ఏ దారి అని ఎవరూ అడగలేదు. అప్పటికి ఆమె దొరికిన పుస్తకమల్లా నమిలేస్తోంది. అదే ఇక్కడ పుట్టి ఉంటే? ఆ వేలు చూసి కింది బడికి పంపేసేవాళ్ళు. ఈ ఆవులకు వేరే డాక్టరెవరో వచ్చేవాళ్ళు. ఆ తలపు వచ్చినప్పుడల్లా కాత్రికి చలి వేసేది. తనకు దొరికిన ఆ తీరిక తన కూతురికి దొరకడం లేదు, దాన్ని పాడుచేసింది కూడా తనే, ఆ పాడు థాంక్సుతో.

ఆ సాయంత్రమే ఇంట్లో కొత్త చట్టం వచ్చింది.

"ఇవాళ్టి నుంచి ఈ బల్ల దగ్గర ఎవరికి ఏం కావాలన్నా చెయ్యెత్తాలి. ఎత్తి, గట్టిగా అడగాలి" అంది కాత్రి, రొట్టె నానబెట్టి పిసికి ఉడికించిన ముద్దలున్న గిన్నెను తన ముందుకు లాక్కుంటూ.

"ఇది ఇల్లా, పోలీస్ స్టేషనా?" అంది వాల్బుర్గా. "నాకు ఉప్పు కావాలి. చెయ్యెత్తితే భుజం నొప్పి. ఇప్పుడెలా?"

"అత్తయ్యా, మీక్కాదు. సిల్యాకి."

"మొన్నటిదాకా నెమ్మది, నెమ్మది అని మురిసిపోయింది నువ్వే కదమ్మాయ్. ఇప్పుడు దాన్ని రేడియో చేద్దామనా?"

సిల్యా తల్లి వంక చూసింది. లేత బూడిదరంగు కళ్ళు, పెద్దగా రెప్ప వెయ్యదు. చెయ్యి మెల్లగా లేచి చెవి దాకా వచ్చి ఆగింది.

"ఇంకా పైకి! అలా ఎత్తితే టీచర్‌కి కనపడదు."

చెయ్యి పైకి వెళ్ళింది.

"ఊఁ, అడుగు."

"ముద్ద" అంది సిల్యా.

"పూర్తి వాక్యం!"

కోర్బినియాన్ ఫోర్కు కింద పెట్టాడు. "కాత్రీ, పిల్ల ఆకలితో ఉందే."

"నువ్వు మాట్లాడకు. నీకు చెయ్యెత్తడం ఎలాగూ రాదు" అంది కాత్రి. అన్నాక తనకే బాధేసింది. కోర్బినియాన్ కింది బడిలో చదివినవాడు, పదిహేనేళ్ళకే పనిలో చేరినవాడు. అతను లేచి వెళ్ళి పొయ్యిలో కట్టె వేశాడు.

ఫిబ్రవరి, మార్చి అలాగే గడిచాయి. సిల్యా ఇంట్లో ఉప్పుకూ, నీళ్ళకూ, దొడ్డికి పోవడానికీ చెయ్యెత్తింది. బడిలో ఎత్తిందో లేదో తెలీదు. అడిగితే "రెండుసార్లు" అనేది, లేదా "టీచర్ చూళ్ళేదు" అనేది. పొద్దున్నే కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది. నోరులేని గొడ్డు ఒంట్లో నొప్పి ఎక్కడుందో వేళ్ళతో తడిమి చెప్పగల కాత్రి, "ఏం లేదు, పాలు తాగి వెళ్ళు" అనేది. ఈ మధ్య ఫిన్లాండ్‌లో కూడా పిల్లల చదువులు జారిపోతున్నాయని వాళ్ళ ఊరి పేపర్లో వచ్చింది. ఆ కబురు కాత్రి ఎవరికీ చెప్పలేదు, ముఖ్యంగా అత్తగారికి.

ఈస్టర్ సెలవులయ్యాక క్రాట్సర్ టీచర్ కబురు పెట్టింది, తల్లీ కూతురూ ఇద్దరూ రావాలని.

తరగతి గదిలో పిల్లల కుర్చీల్లోనే కూర్చున్నారు ముగ్గురూ. కాత్రి మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. కిటికీలో మొలకలేసిన చిక్కుడు గింజలు, గోడ మీద పిల్లలు గీసిన నదులు.

"విషయం దాచకుండా చెప్తానండీ" అంది టీచర్. "ఊరిపాఠంలో సిల్యా రెండుకీ మూడుకీ మధ్య ఉంది. రాతలో బాగుంది. నోటితో ఏమీ లేదు. అది రెండైతే సగటు పెద్ద బడికి సరిపోతుంది. మూడైతే నడిమి బడి. నాకు పిల్ల నోటి నుంచి వినాలనుంది. అంతే." ఆవిడ సిల్యా వైపు తిరిగింది. "మన ఊళ్ళో కుళాయిలోకి నీళ్ళు ఎలా వస్తాయో చెప్పమ్మా. నీకు నచ్చినట్టు చెప్పు."

సిల్యా చిక్కుడు మొలకల వంక చూసింది.

గది నిశ్శబ్దంగా ఉంది. బయట ఎవరో సైకిల్ గంట కొట్టారు. టీచర్ పెన్ను బల్ల మీద నిలువుగా పెట్టుకుని చూస్తోంది. నిశ్శబ్దంలోనే పుట్టి పెరిగిన కాత్రికి, జీవితంలో మొదటిసారి, నిశ్శబ్దం భరించలేనిదైంది.  చెప్పవే, చెప్పవే తల్లీ. నిన్ననే కదా నూరుసార్లు చెప్పించాను. ఇంకో క్షణం. ఇంకొకటి. టీచర్ గోడగడియారం వైపు చూసిందా? చూసింది.

"దానికి అంతా తెలుసండీ!" అనేసింది కాత్రి. "నిన్ననే ఇంట్లో గడగడా చెప్పింది. కొండలో ఊట ఉంటుంది కదండీ, ఆ ఊట పైన ట్యాంకు, అందులోంచి నీళ్ళు పంపు దగ్గరికి వస్తాయి, అక్కడ శుభ్రం చేస్తారు, తర్వాత గొట్టాల్లోంచి..." మాటలు ఆగలేదు. ఆమె చేతులతో కొండ చూపించింది, గొట్టాలు చూపించింది. ఆర్నెల్ల కిందట చెప్పిన థాంక్సును మింగడానికన్నట్టు ఊపిరి తీసుకోకుండా మాట్లాడింది.

ఆ మాటల మధ్యలో సిల్యా నోరు కొంచెం తెరుచుకుని, మళ్ళీ మూసుకుంది. కాత్రి చూడలేదు. టీచర్ చూసింది.

కాత్రి ఆపాక టీచర్ పెన్నుకు మూత పెట్టింది. "ఈ పిల్ల ఎందుకు మాట్లాడదా అని ఏడాదిగా ఆలోచిస్తున్నాను" అంది నెమ్మదిగా. "ఇవాళ తెలిసింది."

కాత్రికి చెంప మీద కొట్టినట్టయింది. నేనా? పది మాటలు మాట్లాడితే తొమ్మిది ఎక్కువ అనుకునే ఊరి నుంచి వచ్చిన నేనా? కాదండీ, మీకు తెలీదు, నేను ఇలాంటిదాన్ని కాదు, అని చెప్పబోయింది. చెప్పడమంటే మళ్ళీ మాట్లాడడమే. నోరు మూసుకుంది. అప్పటికి చాలా ఆలస్యమైంది.

ఇంటికి వస్తూ వంతెన మీద ఆగారు. కింద ఇన్ నది మంచు కరిగిన నీళ్ళతో బూడిదరంగులో ఉరుకుతోంది.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అంది కాత్రి.

సిల్యా చెయ్యెత్తింది. నడివంతెన మీద, కార్లు పోతుంటే, నిటారుగా.

"నా దగ్గర ఎందుకే! చెప్పు."

"చెప్పబోతూనే ఉన్నాను. ముందు ఊట గురించి చెప్పాలా, వాన గురించి చెప్పాలా అని చూసుకుంటున్నాను." కింద పారే నీళ్ళ వంక చూసింది. "వానతోనే మొదలుపెడదామనుకున్నాను. నువ్వు తప్పు చెప్పావు. ట్యాంకు ఊట దగ్గర ఉండదు. శుభ్రం చేశాకే పంపు పెట్టి పైనున్న ట్యాంకులోకి ఎక్కిస్తారు. లేకపోతే కుళాయిలో నీళ్ళు ఎలా దూకుతాయి?"

వెనక్కి పరుగెత్తుకెళ్ళి, టీచర్ గారూ, ఇదిగో, ఇప్పుడు వినండి అని పిల్లను ఆవిడ ముందు నిలబెట్టాలనిపించింది కాత్రికి. కాళ్ళు కదిలాయి కూడా. సిల్యా ఆమె కోటు పట్టుకుని, "వద్దు" అంది. ఇద్దరూ ఇంటికి నడిచారు.

మేలో కాగితం వచ్చింది. లెక్కల్లో రెండు. జర్మన్లో మూడు, ఊరిపాఠంలో మూడు. నడిమి బడి.

ఇంకొక్క దారి మిగిలింది. పెద్ద బడివాళ్ళే కాగితం తప్పిన పిల్లలను మూడు రోజులు పిలుస్తారు. తెలియని గది, తెలియని టీచర్లు. రాయిస్తారు, మాట్లాడిస్తారు, నెగ్గితే తీసుకుంటారు. చాలామంది పిల్లలు ఏడుస్తూ బయటికొస్తారని ఊళ్ళో చెప్పుకుంటారు. వెళ్ళేదుంటే సోమవారం పేరివ్వాలి.

ఆదివారం మధ్యాహ్నం వాల్బుర్గా పంది మాంసం కాల్చి, రొట్టె ముద్దలు చేసి పైకి తెచ్చింది. గస్పార్‌కు పెద్ద బడి వచ్చింది కాబట్టి తప్పు చేసినదానిలా సొలెన్ కూడా ఆపిల్ పళ్ళ కేకు పట్టుకుని వచ్చింది. వడ్డన అయిందో లేదో మొదలైంది.

"పంపకండి" అంది సొలెన్. "మూడు రోజులు పిల్లను అంగట్లో పెట్టినట్టు పెడతారా? మా దగ్గర ఇరవైకి ఎంత అని గట్టిగా చదివితేనే నేను ఇప్పటికీ తేరుకోలేదు. దాన్ని ఆ బాధ పెట్టొద్దు."

"పంపక? మా దేశంలో అయితే అసలు..." అంది కాత్రి.

"మొదలెట్టింది" అంది వాల్బుర్గా. "మీ దేశం, మీ దేశం. అక్కడ అందరూ చదువుకుంటే కుళాయి ఎవడు బాగుచేస్తాడమ్మాయ్? ఎలుగుబంట్లా?"

"చదువుకున్నవాళ్ళే బాగుచేస్తారు అత్తయ్యా! పదేళ్ళకే చీటీ అంటించి పంపరు అంతే!"

"నడిమి బడికి ఏం తక్కువ?" అన్నాడు కోర్బినియాన్. "అందులోంచి కూడా పైకి వెళ్ళొచ్చు. నేను కింది బడికే పోయాను. ఈ ఊళ్ళో సగం ఇళ్ళు నా పొయ్యిల వల్లే వెచ్చగా ఉన్నాయి. నాకేం తక్కువైంది?"

వాల్బుర్గా కత్తి పళ్ళెం మీద పెట్టింది. "నీకేం తక్కువైందో నాకు తెలుసురా. లెక్కలన్నీ నోటితో చేసేవాడివి. కొట్లో తూకం ముల్లు ఆగకముందే ధర చెప్పేవాడివి. మాంసం కొట్టువాడి కొడుక్కి ఇది చాల్లెండి అన్నాడు ఆ టీచరు. మీ నాన్న తలూపాడు. నేనూ ఊపాను."

"అమ్మా, నేను బానే ఉన్నాను."

"నువ్వు బానే ఉన్నావు. నేనే లేను" అంది వాల్బుర్గా. ముక్కు తుడుచుకుంది. "అందుకే చెప్తున్నా, పంపండి దాన్ని!"

"పంపితే నెగ్గకపోతే?" అన్నాడు కోర్బినియాన్. "పదేళ్ళకు రెండుసార్లు కాదనిపించుకోవాలా?"

"మీ పద్ధతే తప్పు!" అంది సొలెన్.

"మీ ఇరవై గొప్పదా మరి?" అంది వాల్బుర్గా.

"నేను వెనక్కి వెళ్ళిపోతాను, పిల్లను తీసుకుని" అంది కాత్రి. అది ఇంతవరకూ తనలో తను కూడా అనుకోని మాట.  తర్వాత నలుగురూ కలిసి రెట్టింపుగా అరిచారు. ఫిన్లాండ్ అని ఒకరు, ఫ్రాన్స్ అని ఒకరు, బవేరియా కాకపోతే మరోటి అని ఒకరు. ఏ దేశంలో ఏ వయసుకు ఏం చేస్తారో, ఎవరు ఎక్కడ ఎలా పాడైపోయారో, గిన్నెలు అదిరేలా చెప్పుకున్నారు. కాత్రి లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచి కిటికీ తెరిచింది, మూసింది.

కిటికీ నుంచి తిరుగుతుండగా కనపడింది.

సిల్యా చెయ్యెత్తి ఉంది. నిటారుగా, నేర్పినట్టే, పైకంటా. చాలాసేపటి నుంచి ఎత్తి ఉంచినట్టుంది. నొప్పి పుట్టి, రెండో చేత్తో మోచెయ్యి కింద పట్టుకుని ఆపుకుంటోంది. ఆమె పళ్ళెంలో ముద్ద తాకలేదు. గ్రేవీ మీద తెట్టు కట్టింది.

కాత్రి కిటికీ దగ్గరే ఆగిపోయింది. నలుగురు పెద్దవాళ్ళున్నారు. నాలుగు నెలలుగా ఈ ఇంట్లో ఆ పిల్ల గురించి తప్ప వేరే మాట లేదు. నీకేం కావాలే అని అడిగినవాళ్ళు లేరు. తను కూడా అడగలేదు. చెయ్యి ఎత్తడం నేర్పింది. ఎత్తిన చేతిని చూడడం ఎవరికీ రాలేదు.

"ఆగండి" అంది కాత్రి. ఎవరూ ఆగలేదు. అరచేత్తో బల్ల మీద కొట్టింది. ఆగారు.

"ఎప్పట్నుంచి ఎత్తావమ్మా?"

"సొలెన్ ఆంటీ ఇరవై మార్కుల గురించి మొదలుపెట్టినప్పట్నుంచి" అంది సిల్యా.

సొలెన్ కేకు కత్తి చేతిలో పట్టుకుని తల దించుకుంది.

"చెప్పు" అంది కాత్రి.

సిల్యా చెయ్యి దించింది. భుజం రుద్దుకుంది.  ఎప్పట్లాగే ఏది ముందు, ఏది తర్వాత అని లోపల వరస పెట్టుకుంటున్నట్టు తెట్టు కట్టిన గ్రేవీ వంక చూస్తూ కూర్చుంది. కోర్బినియాన్ గొంతు సవరించుకోబోతే వాల్బుర్గా అతని మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. కాత్రి కుర్చీ వీపును రెండు చేతులా పట్టుకుంది. లోపల మాటలు ఉడుకుతున్నాయి. పళ్ళు బిగించి వాటిని అక్కడే ఆపింది. ఆవు ఈనేటప్పుడు కూడా ఆమెకు అంత కష్టం ఎప్పుడూ కాలేదు.

"ఆ మూడు రోజులూ నేను వెళ్తాను" అంది సిల్యా చివరికి. "అక్కడ తెలియనివాళ్ళుంటారు. తెలియనివాళ్ళయితే నేను చెప్పేదాకా ఆగుతారు. నెగ్గకపోతే నడిమి బడికి వెళ్తాను, అది కూడా పర్లేదు. కానీ అమ్మ గేటు దాకా రాకూడదు."

కాత్రి నోరు తెరిచింది. ఒంటరిగా ఎలా వెళ్తావు, వంతెన దగ్గర దిగబెట్టి వస్తానే, ఒక్క వంతెన దాకా, అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేయబోయింది. మింగలేకపోయింది. అప్పుడు, ఏం చెయ్యాలో తోచక, ఆ ఇంటి చట్టం ప్రకారం, చెయ్యెత్తింది.

సిల్యా తల్లి చెయ్యి వంక చూసింది. ఫోర్కు తీసుకుని, చల్లారిన ముద్దను మధ్యకు కోసింది.

"ఉండమ్మా" అంది. "నాది ఇంకా అవ్వలేదు."

కాత్రి చెయ్యి అలాగే ఉంచి కూర్చుంది.